డయాలసిస్ మొదలయ్యాక అన్నయ్య "ఇంక దేనికే ఇదంతా" అంటున్నాడు. ఏం మాట్లాడాలి?

పెద్దచెల్లి:

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకి 46 ఏళ్లు. వడ్రంగి పని. బీపీ చాలా ఏళ్లుగా ఉంది, మందులు వేసుకుంటూనే ఉన్నాడు. కిడ్నీలు లోపల్లోపలే పాడవుతున్నాయని మాకు తెలిసేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. ప్రస్తుతానికి మెడ దగ్గర పెట్టిన కాథెటర్ అనే గొట్టం నుంచే చేస్తున్నారు. ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ అయింది (డయాలసిస్ సూదులు పెట్టడానికి వీలుగా చేతిలో ధమనినీ సిరనీ కలుపుతారు), అది పనికొచ్చేలా తయారవడానికి ఇంకా టైమ్ పడుతుందన్నారు.

ఆ చేత్తో ఇకమీదట బరువులు ఎత్తకూడదని ఆపరేషన్ రోజు చెప్పారు. ఇంటికొచ్చి పనిముట్ల పెట్టెకి తాళం వేసి, తాళంచెవి వదిన చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నుంచి అడిగినదానికి ఊ, ఆ తప్ప మాట లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "ధైర్యంగా ఉండు, అంతా మంచే జరుగుతుంది" అని చెప్పి వెళ్తారు. వాళ్లు మాట్లాడుతుండగానే గోడవైపు తిరిగి పడుకుంటాడు. రాత్రిళ్లు నిద్రపోడు. డయాలసిస్ మీద ఎన్నేళ్లు బతుకుతారని ఫోన్‌లో వెతుక్కుంటున్నాడట, వదిన చూసింది.

పోయిన వారం అసలు డయాలసిస్‌కే రానన్నాడు. నేనూ వదినా చాలాసేపు బతిమాలితే లేచాడు. దారిలో నాతో అన్నాడు: "ఇంక దేనికే ఇదంతా? మీకు ఖర్చు, నాకు నరకం." నా కిడ్నీ ఇస్తానన్నాను. అంత కోపం నా మీద ఎప్పుడూ చూపించలేదు అన్నయ్య.

ఇది పూర్తిగా తగ్గిపోయే జబ్బు కాదని తనకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే తగ్గిపోతుందిలే అని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కానీ తగ్గని జబ్బులో మనిషి దేని మీద ఆశ పెట్టుకుంటాడు? పక్కన కూర్చున్న మనం ఏం మాట్లాడాలి? ఇలాంటివి దాటి వచ్చినవాళ్లు, దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి. ఎంత పెద్దగా రాసినా చదువుతాను.

రాత్రిడ్యూటీ:

చెల్లీ, నేను డయాలసిస్ యూనిట్‌లో నర్సుని. ఆశ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒకటి అడుగుతాను. మీ అన్నయ్య నీరసంలో మనసు వల్ల వచ్చింది ఎంత, ఒంటి వల్ల వచ్చింది ఎంత అని ఎవరైనా చూశారా?

డయాలసిస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి మూడు నెలలు అన్నిటికన్నా కష్టంగా గడుస్తాయి. కిడ్నీలు చేసే పనుల్లో రక్తం తయారవడానికి కావలసిన ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్‌ని ఇవ్వడం కూడా ఒకటి. అది తగ్గితే హిమోగ్లోబిన్ పడిపోతుంది. హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్న మనిషిని లేచి కూర్చో, ధైర్యం తెచ్చుకో అంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు? 1989లో ఆ హార్మోన్ ఇంజెక్షన్ వాడకంలోకి రాకముందు ఈ పేషెంట్లకి మాటిమాటికీ రక్తం ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంజెక్షన్, దానితోపాటు ఐరన్ సరిగ్గా అందితే చాలామందికి 10, 11 దాకా వస్తుంది. రిపోర్టు తీసి చూడండి.

రెండోది డ్రై వెయిట్. ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు అది. దాన్ని మరీ తక్కువగా పెట్టేస్తే డయాలసిస్ చివరి గంటలో పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది, ఇంటికెళ్లాక మర్నాటి దాకా మనిషి లేవలేడు. కొత్తలో దీన్ని రెండు మూడుసార్లు సరిచేయాల్సి వస్తుంది. "నాకు నరకం" అన్నాడంటే ఏది నరకమో విడమర్చి అడగండి. పిక్కల నొప్పా, దురదా, వాంతులా, సూదులంటే భయమా? ఒక్కోదానికి ఒక్కో మందో, ఉపాయమో ఉంటుంది. పడుకుంటే కాళ్లు ఊరుకోనివ్వక కదిలించాలనిపించడం కూడా కిడ్నీ పేషెంట్లలో బాగా కనిపిస్తుంది. రాత్రి నిద్రలేకపోవడానికి అదే కారణమైతే దానికీ వైద్యం ఉంది. ఇవన్నీ పేషెంటు తనంతట తను చెప్పడు. ఇదింతే కాబోలు అనుకుంటాడు.

ఒక సెషన్ మానేస్తానన్నాడు కదా, అది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మామూలుగా వచ్చే రెండు రోజుల విరామమే గుండెకి బరువైన సమయం. అది మూడు, నాలుగు రోజులు కాకూడదు.

ఇక ఆ తాళంచెవి గురించి. బరువులు ఎత్తకూడదు అన్న మాటని మీ అన్నయ్య ఇంక పని చేయకూడదు అని అర్థం చేసుకున్నట్టున్నాడు. అదీ ఇదీ ఒకటి కాదు. ఫిస్టులాని వీలైనంతవరకు పని చేసే చెయ్యి వదిలేసి రెండో చేతికే పెడతారు, ఆ చెయ్యి తనకి మిగలాలనే. గాయం మానాక ఫిస్టులా చేత్తో మెత్తటి బంతి నొక్కమని మేమే చెప్తాం. కూడనివి ఏమిటంటే పెద్ద బరువులు, ఆ చేతికి బిగుతుగా ఉండే వాచీ, పట్టీ, ఆ చేతికి బీపీ చూడటం, రక్తం తీయడం, ఆ చెయ్యి కింద పెట్టుకుని నిద్రపోవడం. పనుల్లో ఏది చేయొచ్చో ఏది వద్దో ఒక్కొక్కటీ పేరు పెట్టి సర్జన్‌ని అడగాలి. పని చేయొచ్చా అని అడిగితే వద్దు అనే జవాబే వస్తుంది. ఫలానా పనిముట్టు, ఫలానా చేత్తో, ఇంతసేపు అని అడిగితే వేరే జవాబు రావచ్చు.

మీరు వడ్రంగి అన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలనిపించింది. మనిషికి పనికొచ్చిన మొదటి డయాలసిస్ యంత్రాన్ని విలెం కోల్ఫ్ అనే డాక్టర్ 1943లో, జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో తయారు చేశాడు. చెక్క బద్దలు పేర్చి చేసిన పెద్ద డ్రమ్ము, దాని చుట్టూ సెలోఫేన్ గొట్టం. ఆ గొట్టంలో రక్తం, కింద తొట్టిలో ఉప్పునీరు, డ్రమ్ము తిరుగుతుండేది. మొదటి రెండేళ్లలో అతను చికిత్స చేసినవాళ్లు దాదాపు అందరూ చనిపోయారు. అయినా మానలేదు. 1945లో 67 ఏళ్ల ఒకావిడ కోమాలోంచి లేచి కూర్చుంది. ఈ కథ నీతి కోసం చెప్పడం లేదు. మీ అన్నయ్య పడుకున్న మంచం పక్కన ఉన్న యంత్రం చెక్కపనితో మొదలైందని ఆయనకి తెలియకపోతే తెలియాలని.

యంత్రం మీద ఏ అంకె ఏమిటో నేర్పించమని అక్కడి టెక్నీషియన్‌ని అడగండి. కాళ్లూ చేతులూ చాపి పడుకోవడం తప్ప తనకి పనేమీ లేదనుకున్న మనిషికి, ఇవాళ ఎన్ని లీటర్లు తీస్తున్నారో తను అడిగి, ఎక్కువనిపిస్తే ఎందుకని ప్రశ్నించడం మొదలుపెడితే చాలా మారుతుంది. మా దగ్గర ఒకాయన తన సూదులు తనే పెట్టుకుంటాడు. అందరూ చేయలేరు, చేయాల్సిన అవసరమూ లేదు. ఆయనకి మాత్రం అదే కావాలి.

పచ్చనాకు:

నెఫ్రాలజిస్టులు, అంటే కిడ్నీ డాక్టర్లు, చెప్పరు గానీ క్రియాటినిన్ (కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే వ్యర్థం) తగ్గించే మూలికలు ఉన్నాయండి. మా బంధువుల్లో ఒకరు వాడుతున్నారు. అన్ని దారులూ చూడాలి కదా, ఆశ వదులుకోకూడదు.

రాత్రిడ్యూటీ:

@పచ్చనాకు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ కిడ్నీ పనిచేయని ఒంట్లోకి వెళ్లిన చాలా మందులు సరిగ్గా బయటికి పోవు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల మాత్రల వల్ల ఎంతోమంది స్త్రీల కిడ్నీలు పోయాయి. అందులో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉన్న మూలిక కలిసిందని తర్వాత తేలింది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు అనుకోవడానికి లేదు. పెద్దచెల్లీ, ఏ మాత్ర అయినా, ఏ పొడి అయినా మీ నెఫ్రాలజిస్ట్‌కి చూపించకుండా ఇవ్వకండి. నొప్పి మాత్రలు కూడా.

ప్రూఫ్‌రీడర్:

అమ్మా, నేను మీ అన్నయ్య మంచం మీద ఉన్నవాణ్ణి. డయాలసిస్ మీద చాలా ఏళ్లుగా ఉన్నాను, ఇంకా ఉన్నాను. అందుకని కొంచెం పెద్దగా రాస్తాను.

మీ అన్నయ్య గోడవైపు తిరగడం నాకు బాగా అర్థమైంది. "ధైర్యంగా ఉండు" అనే మాటలో చెప్పేవాళ్లకి తెలియని ఒక కోరిక దాగి ఉంటుంది: నీ బాధ నా ముందు బయటపెట్టకు, నేను తట్టుకోలేను. అవతలివాళ్లు ఇబ్బంది పడకుండా నవ్వాల్సిన పని కూడా పేషెంటు మీదే పడుతుంది. నాలుగు గంటలు డయాలసిస్ చేయించుకుని వచ్చాక ఆ ఓపిక ఎక్కడుంటుంది? గోడ అయితే ఏమీ అడగదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. మా బావమరిది ఒక్కడే మామూలుగా మాట్లాడేవాడు. వచ్చీ రాగానే వాళ్ల ఆఫీసు గొడవలు, పై అధికారి మీద కోపం, బండి రిపేరు, అన్నీ నా ముందు వెళ్లబోసుకునేవాడు. ఏం చేయమంటావ్ బావా అని సలహా అడిగేవాడు. మా ఆవిడ ఆయన మీద విసుక్కునేది, ఒంట్లో బాగాలేని మనిషికి ఇవన్నీ ఎందుకని. నేను మాత్రం ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసేవాణ్ణి. ఆ ఇంట్లో నన్ను సలహా అడిగేవాడు ఆయన ఒక్కడే మరి.

నా పని పుస్తకాల ప్రూఫులు దిద్దడం. జబ్బు చేశాక పనిచ్చే వాళ్లందరూ "ముందు ఆరోగ్యం చూసుకోండి, పనిదేముంది" అన్నారు. ఎంత దయగా అన్నారో, అంత ఒంటరివాణ్ణి చేశారు. ఒక చిన్న ప్రచురణ సంస్థ ఆయన మాత్రం ఓ రోజు ఫోన్ చేసి, నూట ఇరవై పేజీలున్నాయి, గురువారానికి కావాలి, అవుతుందా అన్నాడు. గురువారానికి కాదు, శనివారానికైతే ఇస్తానన్నాను. ఆయన విసుక్కున్నాడు! శనివారం అయితే నా పని ఆగిపోతుందండీ అని నసిగాడు. ఫోన్ పెట్టేశాక ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అన్నాళ్ల తర్వాత ఒక మనిషి నామీద విసుక్కున్నాడు. నేను ఆలస్యం చేస్తే ఆగిపోయే పని ఒకటి ఈ ప్రపంచంలో ఉందన్నమాట.

ఆ పేజీలు డయాలసిస్ బెడ్ మీదే దిద్దాను. మొదటి రెండు గంటలు కళ్లు బాగా పనిచేస్తాయి. మూడో గంట నుంచి బీపీ తగ్గుతుంది, అప్పుడు చదివితే తప్పులు దాటిపోతాయి. కాబట్టి రెండు గంటలే. ఇంటి దగ్గర డయాలసిస్ అయిన సాయంత్రం ఏమీ పెట్టుకోను, ఎవరినీ రమ్మనను. మర్నాడు మధ్యాహ్నం నుంచి మనిషినవుతాను. ఈ లెక్క కుదరడానికి నెలలు పట్టింది. కుదిరాక వారంలో నావైన గంటలు ఎన్ని ఉన్నాయో కనిపించాయి. తక్కువే. కానీ అవి ఏవో తెలుసు.

కిడ్నీ మార్పిడి మాట. నేను కూడా వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. మొదట్లో నా ఆశంతా ఆ ఫోన్ కాల్ మీదే ఉండేది. అది వచ్చేదాకా బతుకు లెక్కలోకి రాదన్నట్టు ఉన్నాను. ఒక దశలో ఏ పుస్తకం మొదలుపెట్టినా, దీని మధ్యలో ఫోన్ వస్తే అని ఆపేసేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటాను, పుస్తకం కూడా మొదలుపెడతాను. మార్పిడి జరిగితే చాలా మంచిది, వీలైనవాళ్లకి అదే ఎక్కువ మేలు చేస్తుంది. దానికి కావాల్సిన పరీక్షలన్నీ చేయించుకోవాలి. ఈలోపు గడిచే రోజులు కూడా మనవే కదా.

మీ మీద ఎందుకు కోప్పడ్డాడు అంటే, నాకు తోచింది చెప్తాను. ఇప్పటికే అందరికీ భారమయ్యానని కుమిలిపోతున్న మనిషి నెత్తిన, ఎప్పటికీ తీర్చలేని బాకీ ఒకటి పెట్టినట్టయింది. పైగా చెల్లెలి ఒంట్లోంచి. మీరు వెనక్కి తగ్గక్కర్లేదు, ఒత్తిడి మాత్రం చేయకండి. దాతకి వేరుగా పరీక్షలుంటాయి, దాతకి ప్రమాదమనిపిస్తే డాక్టర్లే ఒప్పుకోరు, ఆపరేషన్ గది దాకా వెళ్లి కూడా దాత వద్దనొచ్చు. ఇవన్నీ మీ నోటి నుంచి కాకుండా మార్పిడి విభాగంలో ఉండే కోఆర్డినేటర్ నోటి నుంచి వింటే ఆయన భయం కొంత తగ్గుతుంది. ఆయన భయం తన గురించి కాదు, మీ గురించి.

చివరిగా నాకు గిట్టని మాట ఒకటుంది: పోరాడు. పోరాడమంటే, రేపు నేను పోతే సరిగ్గా పోరాడలేదనే కదా అర్థం? ఆయనతో ఆ మాట అనకండి.

లెక్కలమాస్టారు:

ఆ రాత్రిపూట వెతుకులాట గురించి రెండు ముక్కలు. మా ఆవిడకి క్యాన్సర్ వచ్చినప్పుడు నేనూ అదే పని చేశాను కాబట్టి చెప్తున్నాను.

స్టీఫెన్ జే గౌల్డ్ అని పేరున్న జీవశాస్త్రవేత్త ఉండేవాడు. 1982లో ఆయనకి కడుపు పొరలో వచ్చే మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడింది. లైబ్రరీకి వెళ్లి చూస్తే మీడియన్ ఎనిమిది నెలలు అని ఉంది. ఎవరైనా ఇంక ఎనిమిది నెలలే అనుకుంటారు. ఆయనకి లెక్కలు తెలుసు. మీడియన్ అంటే సగం మంది ఆలోపు పోయారు, మిగతా సగం మంది దాటారు అని మాత్రమే. దాటినవాళ్లు ఎంత దూరం వెళ్లారో ఆ అంకె చెప్పదు. మొదటి సగం ఎనిమిది నెలల్లోపే ఇరుక్కోవాలి, రెండో సగానికి అలాంటి హద్దు లేదు, ఏళ్ల తరబడి సాగొచ్చు. తన వయసు, తనకి అందుతున్న వైద్యం చూసుకుని ఆ పొడుగాటి కొసలో ఉండే అవకాశం తనకి ఉందని లెక్క వేసుకున్నాడు. ఇరవై ఏళ్లు బతికాడు. 2002లో వేరే క్యాన్సర్‌తో పోయాడు.

ఆయనలా అందరూ బతుకుతారని నేను అనడం లేదమ్మా. మా ఆవిడ బతకలేదు. కానీ ఆ లెక్క అర్థమయ్యాక మేమిద్దరం ఆ అంకెని చూసి పడుకోవడం మానేసి, ఉన్న కాలాన్ని మా ఇష్టం వచ్చినట్టు వాడుకున్నాం. డయాలసిస్ అంకెల్లో 80 ఏళ్ల వాళ్లు ఉంటారు, గుండె జబ్బు, షుగరు కలిసి ఉన్నవాళ్లు ఉంటారు. అందరినీ కలిపి తీసిన సగటు 46 ఏళ్ల మీ అన్నయ్య గురించి చెప్పేది చాలా తక్కువ. రాత్రి ఒక్కడే ఫోన్‌తో కూర్చునే బదులు, "నా వయసులో, నాకున్న పరిస్థితిలో ఎలా ఉంటుంది" అని డాక్టర్‌ని ఎదురుగా అడగమనండి. మీరు పక్కన ఉండండి. జవాబు ఎలా ఉన్నా ఫోన్‌లో దొరికేదానికన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది.

వినేచెవి:

నేను దీర్ఘకాలిక రోగులతో పనిచేసే కౌన్సెలర్‌ని. పైన మంచి మాటలు చాలా వచ్చాయి. ఒక్కటి ఎవరూ అనలేదు, నేను అనాలి.

"ఇంక దేనికే ఇదంతా" అన్న మనిషిని సూటిగా అడగాలి: అన్నయ్యా, చనిపోవాలని అనిపిస్తోందా? అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. మోస్తున్న మాట పైకి చెప్పుకునే వీలు దొరికి చాలామంది తేలికపడతారు. అవునంటే, ఎలా అని కూడా ఆలోచించి ఉంటే, ఆయన్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందులు వదిన దగ్గర పెట్టించండి. అలా కాకుండా, చావాలని లేదు, ఈ డయాలసిస్ భరించలేకపోతున్నాను అంటే అది వేరే సంభాషణ. దాన్ని నోరు మూయించకుండా నెఫ్రాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి. కడుపులోకి ద్రావణం పంపి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ లాంటి వేరే పద్ధతులు ఆయనకి సరిపోతాయేమో అప్పుడే తెలుస్తుంది. అసలు చికిత్సే వద్దనుకునే హక్కు కూడా పేషెంటుకి ఉంది, కానీ అంత పెద్ద నిర్ణయం డిప్రెషన్‌లో ఉండగా తీసుకోకూడదు.

డిప్రెషన్ డయాలసిస్ చేయించుకునేవాళ్లలో చాలా మామూలు. ఇన్ని కష్టాల్లో బాధ ఉండదా అని ఇంటివాళ్లూ, ఒక్కోసారి డాక్టర్లూ వదిలేస్తారు. కారణం తెలిసిన బాధకి కూడా వైద్యం ఉంటుంది. కౌన్సెలింగ్‌నీ, సెర్ట్రలిన్ అనే మందునీ డయాలసిస్ పేషెంట్లలో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. రెండు వైపులా మనుషులు మెరుగయ్యారు, మందు తీసుకున్నవాళ్లు కాస్త ఎక్కువగా. ఆ కౌన్సెలింగ్‌ని డయాలసిస్ జరుగుతుండగా అక్కడికే వెళ్లి ఇచ్చారు. కాబట్టి ఇంకో చోటికి ఇంకోసారి తిప్పాలేమోనని వెనకాడకండి, మీ యూనిట్‌లో అలాంటి వీలుందేమో అడగండి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. చార్లెస్ స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆశ మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆయన ప్రకారం ఆశకి కావాల్సినవి మూడు: చేరాలనుకునే చోటు, అక్కడికి పోవడానికి దారులు, ఆ దారిన నేను నడవగలను అన్న నమ్మకం. అంతా బాగైపోతుందన్న నమ్మకం ఈ మూడింట్లో లేదు చూడండి. మీ అన్నయ్యకి ఇప్పుడు ఏది లేదో కనుక్కోవాలి. నాకైతే చేరాల్సిన చోటే పోయినట్టుంది. ఆయన ఎన్ని ఏళ్లు బతకాలి అన్నది మీరు చెప్పలేరు. కానీ ఈ నెలలో ఏది జరిగితే నీకు బాగుంటుంది అని అడగగలరు. ఏదీ లేదు అంటాడు. సరే అని ఊరుకుని పక్కన కూర్చోండి. వారం పోయాక మళ్లీ అడగండి. నిన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది ఏమిటి అని కూడా అడగండి, జవాబు వచ్చాక వెంటనే సర్దిచెప్పకండి. "అలా అనకు" అన్నారంటే మాట అక్కడితో ఆగిపోతుంది.

వదిన గారిని ఎవరు చూసుకుంటున్నారు? మీరు వారంలో ఒక సెషన్‌కైనా ఆవిడ బదులు వెళ్లండి.

పెద్దచెల్లి:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హిమోగ్లోబిన్ 8.1 ఉంది. ఇంజెక్షన్ డోసు మార్చారు, ఐరన్ ఎక్కిస్తున్నారు. పిక్కలు పట్టేస్తున్నాయని మేం చెబితే డ్రై వెయిట్ కొద్దిగా పెంచి చూశారు. నొప్పులు తగ్గాయి. రాత్రి నిద్ర ఇంకా సరిగ్గా లేదు.

వినేచెవి గారూ, మీరు చెప్పిన ప్రశ్న అడగడానికి నాకు చాలా భయమేసింది. అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చావాలని లేదే. పొద్దున లేచి ఏం చేయాలో తెలియడం లేదు" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. సర్దిచెప్పబోయి ఆగిపోయాను. అప్పుడు తనే ఇంకా చెప్పాడు. పెళ్లికెదిగిన కూతురి గురించి, ఒప్పుకుని మధ్యలో వదిలేసిన ఒక తలుపు పని గురించి. కౌన్సెలర్‌తో మాట్లాడటానికి ఇంకా ఒప్పుకోలేదు. డాక్టర్ గారితో అడిగించాలి.

రాత్రిడ్యూటీ అక్కా, ఆ చెక్క డ్రమ్ము సంగతి డయాలసిస్ జరుగుతుండగా చెప్పాను. ఊరికే విన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చాక హఠాత్తుగా, "ఉప్పునీళ్లలో తిరిగితే బద్దలు ఉబ్బవా? ఏ కలప వాడాడు?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఆ రాత్రి ఫోన్‌లో దాని బొమ్మలు వెతుక్కుంటూ కూర్చున్నాడట.

కిడ్నీ మాట నేను ఎత్తడం లేదు. కోఆర్డినేటర్‌ని కలవడానికి టైమ్ తీసుకున్నాను, వస్తే వస్తాడు. వచ్చేవాళ్లని చూస్తే ఇప్పటికీ గోడవైపే. ప్రూఫ్‌రీడర్ గారూ, మా పక్కింటి ఆయన కుర్చీ కాలు ఊగుతోంది ఎలా సరిచేయాలో చెప్పమని వచ్చాడు. అన్నయ్య లేచి కూర్చుని, అలా చేస్తే విరుగుతుందని ఆయన్ని కోప్పడ్డాడు. నేను ఆయన్ని పంపలేదు, నిజంగా తనే వచ్చాడు.

అక్కా, ఇప్పుడు ఒక ప్రశ్న, ఇది నాది కాదు, అన్నయ్యది. కుట్లు విప్పేశారు. చిత్రిక పట్టడానికి కుడిచెయ్యే వాడతాడు, ఎడమ చెయ్యి ముందు పిడి మీద ఉంటుంది. అంత మాత్రం ఒత్తిడి పెట్టొచ్చా?

రాత్రిడ్యూటీ:

ఆయన్నే అడగమను చెల్లీ, సర్జన్ దగ్గరికి చిత్రిక కూడా పట్టుకెళ్లి చూపించి అడగమను. ఎడమ చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూస్తేనే వాళ్లు సరిగ్గా చెప్పగలరు. నా వైపు నుంచి చెప్పగలిగింది ఇది: సర్జన్ సరేనంటే చిన్న పలకతో, కాసేపటితో మొదలుపెట్టాలి. ఫిస్టులా మీద చెయ్యి పెడితే లోపల జుమ్మని అదురుతూ ఉంటుంది కదా, పనికి ముందూ తర్వాతా అది చూసుకోవాలి. అదురు తగ్గినా, ఆగినా, చెయ్యి వాచినా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే యూనిట్‌కి ఫోన్ చేయాలి. చేతి మీద దెబ్బ తగలకుండా వదులుగా ఉండే పొడుగు చేతుల చొక్కా వేసుకోమను, బిగుతు పట్టీలు వద్దు. డయాలసిస్ రోజున ఉలి, రంపం ముట్టుకోకూడదు. ఆ రోజు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. మెడ దగ్గర కాథెటర్ ఉన్నంతకాలం పొట్టు, దుమ్ము దాని కట్టు మీద పడకూడదు, చెమటకి కట్టు తడవకూడదు. అందుకని కాథెటర్ తీసేదాకా కొలతలు తీయడం, గీతలు గీయడం లాంటి పనులు చేసుకుని, చిత్రిక పని ఆ తర్వాత పెట్టుకుంటే నాకు నిశ్చింతగా ఉంటుంది. ఆ వదిలేసిన తలుపు ఎవరిదో వాళ్లకి ఫోన్ చేసి, ఎప్పటికి కావాలో కనుక్కోమను.